చెంబు మీద ఇంటిపేరు

పాత కంచు కంచాలు, ఇత్తడి చెంబులు, తాతలనాటి పింగాణీ పళ్ళేలు సేకరించి, ఇంటికొచ్చిన అతిథులకు వాటిల్లో వడ్డించడం ఎలాగో నేర్పే వ్యాసాలు ఆదివారం అనుబంధాల్లోనూ ఇంటి అలంకరణ పత్రికల్లోనూ తరచుగా వస్తున్నాయి. గిన్నెల గురించి రాసేంత తీరిక మనకెక్కడిదని మిత్రులు అడగొచ్చు. అడిగినవాళ్ళకు నేను గుర్తుచేసేది కంచికచర్ల. 1968 ఫిబ్రవరి 24న కోటేశును కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టినవాళ్ళు అతని మీద మోపిన నేరం ఇత్తడి సామాన్లు దొంగిలించాడని. తీర్పు చెప్పిందీ వాళ్ళే, అమలు చేసిందీ వాళ్ళే. ఆ సామాన్లు ఇవాళ ఏ ఇంటి అటక మీదున్నాయో, ఏ దుకాణం అద్దాల బీరువాలోకి చేరాయో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. వయసు లెక్కన చూస్తే అవి ‘వింటేజ్’ కిందికి వచ్చేశాయి.

ఈ వ్యాసాలను నేను శ్రద్ధగానే చదువుతాను. వాటిల్లో పనికొచ్చే సంగతులున్నాయి. రాగీ తగరం కలిస్తే కంచు, రాగీ యశదం కలిస్తే ఇత్తడి. కంచును వేలితో కొడితే చాలాసేపు మోగుతుంది, కానీ చెయ్యిజారితే పగులుతుంది. ఇత్తడి సొట్టపడుతుంది గానీ పగలదు. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే చిలుము ఎక్కుతుంది, కాబట్టి కొనేముందు లోపలివైపు చూసుకోవాలి. అన్నీ ఒకే సెట్టు కానక్కర్లేదు, నాలుగైదు చోట్ల దొరికినవి కలిపి అమర్చితేనే బల్లకు అందం. మరీ తోమి మెరిపించొద్దు, ఏళ్ళ తరబడి పట్టిన ఆ నలుపే దాని విలువ. చివరికి అందరూ చెప్పే మాట ఒకటి: ప్రతి పాత పాత్ర వెనకా ఒక కథ ఉంటుంది, భోజనాల దగ్గర ఆ కథ అతిథులకు చెప్పండి. నేను ఈ చివరి మాటనే పట్టుకుంటాను. కథ చెప్పమంటున్నారు గదా, చెప్పుకుందాం. పూర్తిగా చెప్పుకుందాం.

కథ మొదలయ్యేది చెంబు మీద రాతతో. కోస్తా ఊళ్ళల్లో పెళ్ళికి పెట్టిన సామాన్ల మీద పేరు కొట్టించే అలవాటు ఉంది. ఉలితో చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, మనిషి పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ. పెళ్ళిళ్ళకూ కర్మలకూ సామాను అరువిచ్చుకుంటారు కాబట్టి మళ్ళీ గుర్తుపట్టడానికి అది ఆనవాలు. హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే ఒక దుకాణానికి వెళితే, పేరున్న చెంబుకూ పేరులేని చెంబుకూ ధరలో తేడా చెప్పాడు. పేరుంటే ఎక్కువ. ‘ఒరిజినల్’ అని నమ్మకం కుదురుతుందట. మన దగ్గర ఇంటిపేరు అంటే ఏంటో ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు. కాలేజీలో చేరిన మొదటి రోజున పక్క బెంచీవాడు అడిగేది దాన్నే. ఆ చెంబు తన కులం పేరు ఒంటిమీద రాసుకుని అద్దాల బీరువాలో కూచుంది. అరువు సామాను తిరిగిన దారి కూడా ఆ పేరులోనే ఉంది. ఏ ఇంటి గంగాళం ఏ ఇంటి పెళ్ళికి వెళ్ళొచ్చో, ఏ ఇంటికి వెళ్ళకూడదో ఊరందరికీ తెలుసు. మా గూడెంలో పెళ్ళయితే ఊళ్ళోంచి గుండిగ రాదు. చర్చి కోసం అందరం తలా కొంత వేసుకుని కొన్న రెండు సిల్వర్ డేగిసాలే మాకు దిక్కు.

ఇంకొక లెక్క చూడండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఒక వస్తువు ‘యాంటిక్’ అనిపించుకోవాలంటే వందేళ్ళు నిండాలి. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం అమల్లోకొచ్చింది 1950లో. అంటే ఇవాళ ఈ దేశంలో చట్టం లెక్కన యాంటిక్ అయిన ప్రతి కంచం, ప్రతి చెంబు అంటరానితనం చట్టబద్ధంగా నడిచిన కాలంలో తయారయిందే. మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్న 1927 కంటే ముందువే వాటిలో ఎక్కువ. ఆ కంచంలో ఎవరు తిన్నారు అనే ప్రశ్నకు ‘మా ముత్తాత’ అని జవాబొస్తుంది. ఎవరు తినలేదు, తినే వీలు ఎవరికి లేదు అనే ప్రశ్నను ఆ వ్యాసాలు వెయ్యవు. వేస్తే విందు పాడవుతుంది కాబోలు.

ఈ ప్రశ్నకు జవాబు ఎవరో ఊహించి చెప్పాల్సిన పనిలేదు, రాసిపెట్టారు. మనుస్మృతి పదో అధ్యాయం 51, 52 శ్లోకాల్లో చండాలుర నివాసం ఊరి బయట అనీ, వాళ్ళు ‘అపపాత్రులు’ అనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ, శవాల మీది బట్టలు కట్టాలనీ, ఇనుప నగలు పెట్టుకోవాలనీ ఉంది. 54లో వాళ్ళకు అన్నం పెట్టాల్సొస్తే అదీ పగిలిన పాత్రలోనే. ఈ ‘అపపాత్ర’ అనే మాట గమనించదగ్గది. మనిషికి పేరు పెట్టడానికి గిన్నెను వాడారు. ఇతను వాడిన పాత్ర మరొకరు వాడకూడదు, ఇతని గుర్తింపు అంతే. అదే గ్రంథం అయిదో అధ్యాయంలో (114వ శ్లోకం) రాగి, ఇనుము, ఇత్తడి, తగరం, సీసం లాంటి లోహాలను క్షారంతో, పులుపుతో, నీళ్ళతో శుద్ధి చేసుకోవచ్చని చెబుతుంది. బూడిద, చింతపండు, కాసిని నీళ్ళు ఉంటే ఇత్తడి మైల పోతుంది. మనిషి మైల పోవడానికి మాత్రం ఏ చింతపండూ లేదు. లోహానికి ఇచ్చిన సదుపాయం మనిషికి ఇవ్వని శాస్త్రం ఇది.

ఇదంతా పాత పుస్తకాల సంగతి, ఎవరు పాటించారులే అనేవాళ్ళున్నారు. వాళ్ళు ‘కుల నిర్మూలన’ చదవాలి. 1936లో అచ్చయిన ఆ ఉపన్యాసంలో అంబేడ్కర్ గుజరాత్‌లో అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామం సంగతి చెప్పాడు. 1935 నవంబరులో అక్కడ కాస్త కలిగిన కుటుంబాల అంటరాని స్త్రీలు నీళ్ళు తేవడానికి లోహపు బిందెలు వాడటం మొదలుపెట్టారు. మట్టికుండ బదులు లోహపు బిందె! అది తమ మర్యాదకు భంగమని సవర్ణులు ఆ ఆడవాళ్ళ మీద దాడి చేశారు. మరుసటి ఏడాది, 1936 ఏప్రిల్లో, జయపూర్ సంస్థానంలోని చక్వారాలో తీర్థయాత్ర చేసొచ్చిన ఒక అంటరాని వ్యక్తి తనవాళ్ళకు నెయ్యితో విందు పెడితే, లాఠీలతో వచ్చి ఆ విందును చెడగొట్టారు. ఇంట్లో విందు ఏర్పాటు చేసుకోవడం ఎలా అనేది మన చరిత్రలో ఇంత ప్రమాదకరమైన విషయం.

అదే అహ్మదాబాద్‌లో 1981లో ఏర్పడిన వెచార్ అనే పాత్రల మ్యూజియం ఉంది. నాలుగు వేలకు పైగా పాత్రలు సేకరించి పెట్టారు. ఊరి కంచరుల పనితనాన్ని కరిగిపోకుండా కాపాడిన గొప్ప ప్రయత్నం అది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ మన పరిశోధక విద్యార్థులు అక్కడికి వెళితే జాను ఆడవాళ్ళ బిందెలను మనసులో పెట్టుకుని చూడాలని నా కోరిక. ఆ జిల్లాలో ఒక లోహపు బిందె ఖరీదు డబ్బుల్లో ఎంతో, దెబ్బల్లో ఎంతో రెండూ తెలుస్తాయి.

అసలు ఇబ్బంది ఇంకా లోతుగా ఉంది. పాత సామాన్ల ప్రేమ దేన్ని ప్రేమించగలదు? మిగిలినదాన్నే. మిగిలేది లోహం, కాస్తో కూస్తో పింగాణీ. మా నాయనమ్మ వాడినవి మట్టి మూకుడు, ముంత, కొబ్బరిచిప్ప, ఆకు దొప్ప. తర్వాత్తర్వాత సత్తు గిన్నెలు. ఈ సత్తు, అంటే అల్యూమినియం, గిన్నెల తయారీ మద్రాసులో 19వ శతాబ్దం చివర్లో మొదలయింది. చవక లోహం కాబట్టి మనదాకా వచ్చింది. సొట్టలుపడి, చిల్లులుపడి, మాట్లు వేయించుకుని చివరికి పాత సామాన్లవాడి బస్తాలోకి వెళ్ళేది. దానికి యాంటిక్ విలువ ఎవరూ కట్టలేదు. నాయనమ్మ ఆసామి ఇంట్లో వెట్టికి వెళ్ళినప్పుడు అంబలి దొడ్డివైపు మూకుట్లో పోసేవాళ్ళు, నీళ్ళు పైనుంచి దోసిట్లోకి. ‘నా చేతులే నా చెంబు’ అనేది ఆమె, నవ్వుతూనే. దోసిలిని ఏ మ్యూజియంలో పెడతాం? విస్తరాకును ఏ బీరువాలో పెడతాం? ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో తన ఆత్మకథకు ‘జూఠన్’ అని పేరు పెట్టాడు. ఎంగిలి అని అర్థం. పెళ్ళి పందిట్లో తిని పారేసిన విస్తళ్ళలో మిగిలిన మెతుకులు ఏరుకున్న బాల్యం అందులో ఉంది. అది మనకు దొరికిన పాత్రల చరిత్ర. కాగితం మీద ఉంది, కంచు మీద లేదు.

ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. పురావస్తు శాఖవాళ్ళు పాత ఊళ్ళ కాలం తేల్చేది ఎక్కువగా చిల్లపెంకుల వల్లనే. మన తెలుగు నేల మీది రాకాసిగుళ్ళలో నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకులు దొరికితే అదొక పెద్ద ఆధారం. మనువు శిక్షగా ఇచ్చిన పగిలిన కుండే చరిత్రకారుడికి పనికొచ్చింది. విందు బల్ల మీదికి మాత్రం రాలేదు.

పింగాణీ కథ మరీ విచిత్రం. మా ఊరి ఛాందసుల ఇళ్ళల్లో పింగాణీ కప్పూ సాసరూ వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. అవి దొరలవీ తురకలవీ అని వసారాలో వేరే గూట్లో పెట్టేవాళ్ళు. (ఊరగాయ జాడీకి మాత్రం మినహాయింపు. ఆవకాయ ముందు ఆచారం కొంచెం సర్దుకుంటుంది.) ఇప్పుడు ఆ కుటుంబాల పిల్లలే హైదరాబాదులో, అమెరికాలో ఇంగ్లీషు బోన్ చైనా పాత సెట్లను వెతికి వెతికి కొంటున్నారు. బోన్ చైనా అంటే పేరులోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులోని స్టోక్ ఊళ్ళో స్పోడ్ కుటుంబం కుదిర్చిన ఆ మిశ్రమంలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిద. ఆ తెలుపు, వెలుతురు ఆరపారగా కనబడే ఆ పల్చదనం ఎముక వల్లనే. చచ్చిన గొడ్డును మోసి, కోసి, తోలు తీసి, ఎముకలు ఏరినందుకు మాదిగలను ఊరి బయట పెట్టిన సమాజం ఎముక బూడిద పళ్ళెంలో పులిహోర వడ్డిస్తోంది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న యువకుల్ని కారుకు కట్టి కొట్టారు. బోన్ చైనా కొన్నవాళ్ళను ఎవరూ కారుకు కట్టలేదు. కట్టాలని నేననడం లేదు. పవిత్రత అనేది వస్తువులో ఉండదనీ, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళను బట్టి మారుతుందనీ చూపించడానికి ఇంతకంటే తేలిక ఉదాహరణ దొరకదు.

ఇంగ్లండు అన్నాక ఇంకో పాత్ర గుర్తొస్తోంది. బానిసల చెమటతో పండిన వెస్టిండీస్ చక్కెరను బహిష్కరించే ఉద్యమం అక్కడ సాగినప్పుడు, 19వ శతాబ్దం తొలి దశకాల్లో, ‘బానిసలు చెయ్యని ఈస్టిండియా చక్కెర’ అని రాసిన చక్కెర గిన్నెలు అమ్మేవాళ్ళు. అలాంటి నీలం గాజు గిన్నె ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక గిన్నె తన మీద రాజకీయాన్ని అంత బాహాటంగా రాసుకోవడం నాకు నచ్చుతుంది. కానీ ఈస్టిండియాలో చెరకు నరికిందెవరు, వాళ్ళు ఎవరికి పాలేర్లు అనే ప్రశ్న ఆ గిన్నె మీద లేదు. కంపెనీ ఏలుబడిలోని ఇండియాలో బానిసత్వానికి చట్టపు గుర్తింపు తీసేసింది 1843లో. దయగల ఇంటి భోజనాల బల్లకు కూడా మనం అప్పుడు కనబడలేదు.

తిరిగి మన వంటింట్లోకి వద్దాం. తోమొద్దు, నలుపు ఉంచండి అనే సలహా ఉంది చూశారా, దాని మీద నాకు కాస్త కోపం. నలుపును విలువగా చూడగలిగేది దాన్ని తోమే పని ఎన్నడూ లేనివాళ్ళు. మా అమ్మ పదేళ్ళ వయసు నుంచీ ఆసామి ఇంటి దొడ్లో ఇటుకపొడి, బూడిద, చింతపండు తొక్కుతో ఇత్తడి తోమింది. వేళ్ళ సందుల్లో పుళ్ళు. ఇక్కడ ఒక కిటుకుంది, మన విద్యార్థులు గమనించాలి. ఆమె ముట్టుకున్న బిందె ఆమె తోముతున్నంతసేపూ మైల కాదు. తోమాక ఇంటావిడ దాని మీద నీళ్ళు చిలకరించి లోపలికి తీసుకుపోయేది. అదే బిందెతో అమ్మ మంచినీళ్ళు తాగితే మాత్రం మైల. కొన్ని ఇళ్ళల్లో దళితులను తోమనివ్వను కూడా తోమనివ్వరు, ఆ పని వేరే కులంవాళ్ళది. నియమం ఊరికొకటి, ఇంటికొకటి. కానీ ప్రతి నియమమూ ఇంటివాళ్ళ అవసరానికి సరిపోయేటట్టే తిరుగుతుంది. కళాయి వేసే సాయిబు గాడిపొయ్యి వెలిగించి, నవాసాగరం చల్లి, తగరం పులిమితే గిన్నె కొత్తదయ్యేది. ఆయన చెయ్యి లోపలంతా తిరిగిన గిన్నెలోనే ఆ సాయంత్రం చారు కాగేది. తోమిన చెయ్యి, కళాయి వేసిన చెయ్యి ఆ పాత్రల ‘కథ’లో భాగం కావా?

చట్టం ఈ విషయాన్ని పట్టించుకుంది, కొంతవరకు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం (అప్పట్లో దాని పేరు అంటరానితనం నేరాల చట్టం) 4వ సెక్షను హోటళ్ళలో, సత్రాల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడుకోకుండా అంటరానితనం పేరుతో అడ్డుకోవడాన్ని నేరం చేసింది. రెండు గ్లాసుల పద్ధతి మీద మన సంఘాలు చేసిన పోరాటాలకు ఆధారం అదే. శరణ్‌కుమార్ లింబాళె 1984లో మరాఠీలో రాసిన ‘అక్కర్‌మాశి’లో ఊరి టీకొట్టు ముందు విడిగా పెట్టిన కప్పూ సాసరుల మీద ఫిర్యాదుకు వెళ్ళిన కుర్రవాళ్ళున్నారు. ఆ ఘట్టం చదివినవాళ్ళకు టీకప్పు మీద కేసు పెట్టడానికి ఎంత గుండె కావాలో తెలుస్తుంది. అయితే చట్టం టీకొట్టు దగ్గర ఆగిపోతుంది. ఇంటి గడప దాటి లోపలికి రాదు. ఆ లోపలి సంగతి 2011–12లో 42 వేలకు పైగా ఇళ్ళలో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే అడిగింది. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా, షెడ్యూల్డు కులాలవాళ్ళు మీ వంటింట్లోకొచ్చినా మీ పాత్రలు వాడినా ఇబ్బందా అని. 27 శాతం ఇళ్ళు ఏదో ఒక రూపంలో అవునన్నాయి. అవునని నోటితో ఒప్పుకున్నవాళ్ళే ఇంతమంది. ఇంట్లో విందుల గురించి రాసే ఏ వ్యాసమైనా ఈ అంకె దగ్గర మొదలవ్వాలని నా అభిప్రాయం. అతిథి ఎవరు అనేది తేలాక కదా కంచం సంగతి?

ఇంతా రాసి, ఇక మన ఇళ్ళ సంగతి దాటేస్తే నిజాయితీ అనిపించుకోదు. ఉద్యోగాలొచ్చిన మనోళ్ళు కూడా ఇప్పుడు పాత ఇత్తడి కొంటున్నారు. గృహప్రవేశానికి గుమ్మం దగ్గర పెద్ద గంగాళం పెట్టి పూలు వేస్తున్నారు. ఒక మిత్రుడు దీన్ని ‘సంస్కృతీకరణ’ అని తీసిపారేశాడు. నాకు అంత తేలిగ్గా తోచదు. మన ఆడవాళ్ళకు ఇత్తడి బిందె మోజు వస్తువు అయింది ఇప్పుడు కాదు. అది వాళ్ళ బ్యాంకు. మా అమ్మ 1986లో పొగాకు బేరన్ కూలి డబ్బులు కూడబెట్టి ఒక బిందె కొంది. నా ఇంటర్ పరీక్ష ఫీజుకు అది తాకట్టుకు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. అది ఏ కొట్లో తేలిందో. దాని మీద పేరు లేదు, పేరు కొట్టించడానికి అక్షరానికింత అడిగారని అమ్మ వద్దనుకుంది. బిందెకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర, దెబ్బ కాచుకోవడానికి మున్నంగి సువార్త చేతిలోని బిందె పైకెత్తింది. మర్నాడు జరిగింది అందరికీ తెలుసు, ఆరుగుర్ని చంపారు. బిందె ఎత్తినందుకు అంత కోపం వచ్చింది. కాబట్టి బిందెను వాళ్ళ సంస్కృతికి వదిలెయ్యమంటే నేను ఒప్పుకోను.

గుజరాత్ దళితులు పాత ఇత్తడితో చేసిన పని నాకు ఈ విందుల కన్నా ఎక్కువ నచ్చింది. ఇంటింటికీ తిరిగి ఇత్తడి సామాన్లు అడిగి, కరిగించి, వెయ్యి కిలోల నాణెం పోతపోశారు. 2047కైనా అంటరానితనం లేని భారతదేశం వస్తుందా అనే ప్రశ్న దాని మీద చెక్కి, 2022లో పార్లమెంటుకు ఇస్తామని ఢిల్లీకి బయల్దేరారు. పాత్ర మీద కొట్టించాల్సిన రాత అంటే అదీ.

చివరికి నేనూ ఒక కంచు కంచం కొన్నాను. దాచను. మోత బాగుంది, అంచు సన్నగా ఉంది. వెనకవైపు ఎవరిదో ఇంటిపేరు చుక్కలుగా ఉంది. దుకాణం అతను నా మొహం చూసి ఏం అర్థం చేసుకున్నాడో, ‘మేడం, కావాలంటే పేరు అరగదీయించి ఇస్తా’ అన్నాడు. వద్దన్నాను. ఇంటికి తెచ్చాక అమ్మ దాన్ని తిప్పి చూసింది. ‘ఎవరి పేరే ఇది?’ అంది. చదివాను. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళది కాదు. అయినా ఆ పేరును ఇంకోసారి చదివించుకుంది. ‘తోమేదెవరు?’ అంది తర్వాత. నేనే తోముకుంటానన్నాను. ‘అయితే సరే, అన్నం పెట్టు’ అని ముందు కూచుంది.